ఊబకాయాన్ని చట్టం ఎక్కడ పట్టుకోగలదు?

2019–21 మధ్య జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 36.3 శాతం, తెలంగాణలో 30.1 శాతం. దేశ సగటు 24 శాతం. ఎత్తుతో పోల్చి బరువును కొలిచే సూచీ అయిన బీఎంఐ 25ను సర్వే ఈ లెక్కకు హద్దుగా తీసుకుంది. దక్షిణాసియా ప్రజల్లో తక్కువ బరువు దగ్గరే పొట్ట చుట్టూ కొవ్వు పేరుకుని మధుమేహం ముప్పు మొదలవుతుంది కనుక 23 నుంచే జాగ్రత్తపడాలన్న వైద్యుల సూచనను పాటిస్తే ఈ సంఖ్య ఇంకా పెరుగుతుంది. మరోవైపు, ఇదే సర్వేలో ఐదేళ్లలోపు పిల్లల్లో ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం మంది, తెలంగాణలో 33.1 శాతం మంది వయసుకు తగ్గ ఎత్తు ఎదగలేదని తేలింది. అంటే ఒకే వీధిలో, కొన్నిసార్లు ఒకే ఇంట్లో, తల్లికి అధిక బరువూ బిడ్డకు పోషకాహార లోపమూ కలిసి కనిపిస్తున్నాయి.

ప్రజల పోషకాహార స్థాయిని పెంచడం, ప్రజారోగ్యాన్ని మెరుగుపరచడం ప్రభుత్వ ప్రాథమిక విధుల్లో ఒకటని రాజ్యాంగం 47వ అధికరణం చెబుతోంది. ఆ అధికరణం రాసుకున్న రోజుల్లో దేశం ముందున్న సమస్య ఆకలి. అందుకే మన ఆహార చట్టాలన్నీ కడుపు నింపడం చుట్టూ, కల్తీని అరికట్టడం చుట్టూ అల్లుకున్నాయి. కల్తీ లేకుండా, శుభ్రంగా, లైసెన్సుతో తయారై, అన్ని పరీక్షలూ నెగ్గి, అయినా రోజూ తింటే ఆరోగ్యాన్ని దెబ్బతీసే ఆహారం గురించి ఆ చట్టాల్లో స్పష్టమైన మాట లేదు. ఊబకాయం విషయంలో శాసనకర్తలకు ఎదురవుతున్న చిక్కు ఇదే. ఇక్కడ నేరస్థుడు లేడు, విషం లేదు, ఫలానా రోజున జరిగిన ప్రమాదమంటూ లేదు. కొన్నేళ్లపాటు కొద్దికొద్దిగా పేరుకునే హాని మాత్రమే ఉంది.

ఈ చిక్కును దాటడానికి వివిధ దేశాల శాసనసభలు పట్టిన దారులు ప్రధానంగా రెండు. మొదటిది మనిషిని సరిదిద్దే దారి. జపాన్‌లో 2008 నుంచి 40 నుంచి 74 ఏళ్ల వారికి ఏటా నడుము కొలత తీస్తున్నారు. పురుషులకు 85 సెంటీమీటర్లు, స్త్రీలకు 90 సెంటీమీటర్లు దాటి, ఇతర ముప్పు లక్షణాలూ కనిపిస్తే వారికి ఆరోగ్య సలహాలు అందించాల్సిన బాధ్యతను ఆరోగ్య బీమా సంస్థల మీద పెట్టారు. అమెరికాలో ప్రతినిధుల సభ 2004లో ఈ వాదనను మరో కొసకు తీసుకెళ్లి, బరువు పెరిగామంటూ ఆహార కంపెనీల మీద దావా వేయడాన్ని అడ్డుకునే బిల్లును ఆమోదించింది. సెనేట్‌లో అది గట్టెక్కకపోయినా చాలా రాష్ట్రాలు అలాంటి చట్టాలు చేసుకున్నాయి. రెండోది సరుకును సరిదిద్దే దారి. అంటే దుకాణంలో ఏం అమ్ముతున్నారు, ప్యాకెట్ మీద ఏం రాస్తున్నారు, ఎంతకు అమ్ముతున్నారు, పిల్లల కంటికి ఏం చూపిస్తున్నారు అన్న వాటిలో చట్టం జోక్యం చేసుకోవడం. ఇప్పటిదాకా వచ్చిన అనుభవం రెండో దారికే ఎక్కువ మద్దతిస్తోంది. అయితే ఈ దారిలోనూ చట్టానికి బలం వచ్చేది దాని పేరు వల్లనో ఉద్దేశ ప్రకటన వల్లనో కాదు. ఎన్ని గ్రాములు దాటితే ఏం జరుగుతుందన్నది నిబంధనల్లో ఎంత కచ్చితంగా రాశారన్న దాన్ని బట్టే.

దీనికి చిలీ దేశం చక్కటి ఉదాహరణ. వైద్యుడు కూడా అయిన సెనేటర్ గీడో హిరార్డీ చొరవతో అక్కడ 2007లో బిల్లు మొదలైంది. 2012లో 20,606వ నంబరు చట్టంగా ప్రచురితమైంది. అమల్లోకి వచ్చింది మాత్రం 2016 జూన్‌లో. చట్టం వచ్చాక కూడా నాలుగేళ్లు ఎందుకు పట్టిందంటే, ఏది 'అధికం' అన్నది తేల్చే పనిని చట్టం ఆరోగ్య శాఖ నిబంధనలకు వదిలింది. కంపెనీల ఒత్తిడి మొత్తం అక్కడికి చేరింది. మొదట తయారైన బలహీనమైన నిబంధనలను 2014లో అధికారంలోకి వచ్చిన మిచెల్ బాచెలెట్ ప్రభుత్వం పక్కనపెట్టి కొత్తగా రాయించింది. వాటి ప్రకారం, ఘనాహారంలో 100 గ్రాములకు 22.5 గ్రాముల చక్కెర దాటితే ప్యాకెట్ ముందువైపు నల్లటి అష్టభుజి ముద్ర మీద 'చక్కెర అధికం' అని వేయాలి. ఈ హద్దును రెండు విడతల్లో బిగిస్తూ 2019 నాటికి 10 గ్రాములకు తెచ్చారు. సోడియం హద్దు 800 మిల్లీగ్రాముల నుంచి 400కు, కేలరీల హద్దు 350 నుంచి 275కు దిగింది. నల్ల ముద్ర పడిన సరుకును బడిలో అమ్మకూడదు. దాని డబ్బా మీద పిల్లలను ఆకట్టుకునే కార్టూన్ బొమ్మ వేయకూడదు. 14 ఏళ్లలోపు పిల్లలను ఉద్దేశించి ప్రకటన ఇవ్వకూడదు. మూడు నాలుగు చోట్ల వర్తించే నియమాలన్నీ ఒకే అంకెకు ముడిపడి ఉండటమే చిలీ చట్టంలోని అసలు బలం. తనిఖీ అధికారి వాదించనక్కర్లేదు, ముద్ర ఉందో లేదో చూస్తే చాలు.

మన దుకాణాల్లో దొరికే మామూలు గ్లూకోజ్ బిస్కెట్ ప్యాకెట్‌ను తిప్పి వెనక ఉన్న చిన్న అక్షరాల పట్టిక చదివితే, 100 గ్రాములకు దాదాపు 25 గ్రాముల చక్కెర కనిపిస్తుంది. చిలీ పెట్టిన తొలి సడలింపు హద్దుకే అది నల్ల ముద్రకు అర్హమైనది. ఇక్కడ అదే బిస్కెట్ పాలలో ముంచి పిల్లలకు తినిపించే మొదటి చిరుతిండి.

చట్టం అమలైన మొదటి ఏడాదిన్నరలో, 'అధికం' ముద్ర పడిన పానీయాల కొనుగోళ్లు చిలీ కుటుంబాల్లో దాదాపు 24 శాతం తగ్గాయని పరిశోధకులు లెక్కగట్టారు. ముద్ర తప్పించుకోవడానికి కంపెనీలే చక్కెర, ఉప్పు తగ్గించి తయారీ మార్చుకున్నాయి. ఇది కొనేవారి ఇష్టాయిష్టాలతో పని లేకుండా దక్కిన మేలు. అలాగని చిలీలో ఊబకాయం తగ్గుముఖం పట్టిందని చెప్పడానికి వీల్లేదు. చక్కెర స్థానంలో కృత్రిమ తీపి పదార్థాల వాడకం పెరిగింది. కొనుగోళ్లలో వచ్చిన మార్పు శరీర బరువులో కనిపించాలంటే చాలా ఏళ్లు పడుతుంది, ఒక్క చట్టమే సరిపోదు కూడా. ఈ నిజాన్ని దాచకుండా ఒప్పుకున్నప్పుడే శాసనకర్తలు తమ చట్టాన్ని మధ్యలో వదిలేయకుండా కొనసాగించగలరు.

భారతదేశంలో ఇలాంటి హద్దులు పెట్టే అధికారం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ద్వారా కేంద్ర ఆహార నియంత్రణ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చేతుల్లో ఉంది. నిబంధనలను కేంద్రం ముందస్తు ఆమోదంతో ఈ సంస్థ రూపొందిస్తుంది. తర్వాత అవి పార్లమెంటు ముందుకు వస్తాయి. ప్యాకెట్ ముందువైపు సమాచారం విషయంలో ఈ ప్రక్రియ నడిచిన తీరు నిరాశ కలిగిస్తుంది. 2018 ఏప్రిల్‌లో వచ్చిన ముసాయిదాలో కొవ్వు, చక్కెర, ఉప్పు హద్దు మీరితే ఎర్ర రంగులో చూపాలన్న ప్రతిపాదన ఉంది. పరిశ్రమ అభ్యంతరాల తర్వాత దాన్ని ఆపి, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మాజీ డైరెక్టర్ నేతృత్వంలో కమిటీ వేశారు. 2020లో వెలువడిన లేబులింగ్ నిబంధనల్లో ముందువైపు ముద్ర అనే భాగమే లేదు. 2022 సెప్టెంబరులో మరో ముసాయిదా వచ్చింది. ఈసారి ఎర్ర రంగు పోయి, అర నక్షత్రం నుంచి ఐదు నక్షత్రాల దాకా రేటింగ్ వచ్చింది. అదీ మొదటి నాలుగేళ్లు కంపెనీల ఇష్టానికి వదిలిన రేటింగ్.

నక్షత్రాల పద్ధతిలో ఉన్న లోపం చిన్నది కాదు. ఇందులో చక్కెర, ఉప్పు, కొవ్వుకు మార్కులు తీసేసి, పండ్లు, గింజలు, పీచు, ప్రోటీన్ ఉంటే మార్కులు కలుపుతారు. కనుక ఎక్కువ చక్కెర ఉన్న ఆహారంలో కాసిన్ని గింజలో పీచో చేర్చి రేటింగ్ పెంచుకునే వీలుంటుంది. పైగా నక్షత్రం మన మనసులో ప్రశంసకు గుర్తు. హోటల్‌కైనా ఫోన్ యాప్‌కైనా నక్షత్రం ఉందంటే మంచిదనే అనుకుంటాం. చదువు అంతగా రాని తల్లి అర నక్షత్రం చూసి 'ఇది వద్దు' అని అర్థం చేసుకుంటుందని ఆశించడం న్యాయం కాదు. ఈ ముసాయిదా మీద 14,000కు పైగా అభిప్రాయాలు అందాయని ప్రభుత్వం సుప్రీంకోర్టుకు చెప్పింది. 2025 ఏప్రిల్‌లో న్యాయస్థానం మూడు నెలల్లో సిఫార్సులు తేవాలని ఆదేశించింది. ఆ గడువు మళ్లీ పొడిగింపులకు వెళ్లింది. ఎన్నికైన సభలో జరగాల్సిన చర్చ ఇలా ప్రజాప్రయోజన వ్యాజ్యంగా మారి కోర్టు తేదీల మధ్య సాగుతోంది.

ప్యాకెట్ మీది ఒక్క మాటకు ఎంత శక్తి ఉంటుందో తెలుసుకోవడానికి హైదరాబాద్‌లోనే ఉదాహరణ ఉంది. పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్, చక్కెర ఎక్కువగా ఉన్న పానీయాలను 'ఓఆర్‌ఎస్' పేరుతో అమ్మడాన్ని ఏళ్ల తరబడి వ్యతిరేకించారు, తెలంగాణ హైకోర్టుకూ వెళ్లారు. విరేచనాలతో ఒంట్లో నీరు తగ్గినవారికి పట్టే ఉప్పు, గ్లూకోజ్ ద్రావణమే ఓఆర్‌ఎస్. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ద్రావణంలో 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. విరేచనాలవుతున్న బిడ్డకు అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయం పట్టిస్తే విరేచనాలు ఇంకా ఎక్కువవుతాయి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2022 ఏప్రిల్‌లో ఆ పేరు వాడకాన్ని నిషేధించి, అదే ఏడాది జులైలో ఒక హెచ్చరిక వాక్యం చేర్చుకుంటే చాలని వెనక్కి తగ్గింది. చివరికి 2025 అక్టోబరులో ఆ అనుమతులను రద్దు చేసింది. ఇది నేరుగా ఊబకాయం కేసు కాదు. అయినా లేబుల్ మీద మాట నిబంధనల్లో ఎలా చొరబడుతుందో, దాన్ని బయటికి పంపడానికి ఎంత కాలం పడుతుందో దీంట్లో స్పష్టంగా కనిపిస్తుంది.

పన్నుల విషయానికి వస్తే అంకె ప్రాధాన్యం మరింత తేటతెల్లమవుతుంది. బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బోర్న్ 2016 మార్చిలో శీతల పానీయాల సుంకం ప్రకటించారు, అది 2018 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చింది. 100 మిల్లీలీటర్లకు 5 గ్రాముల లోపు చక్కెర ఉంటే సుంకం లేదు. 5 నుంచి 8 గ్రాములకు లీటరుకు 18 పెన్నీలు, 8 దాటితే 24 పెన్నీలు అని మొదట నిర్ణయించారు. మధ్యలో వచ్చిన రెండేళ్ల వ్యవధిలో చాలా కంపెనీలు తమ పానీయాల్లో చక్కెరను 5 గ్రాముల కిందికి దించుకున్నాయి. ఆ పన్ను వల్ల ప్రభుత్వానికి అనుకున్నంత రాబడి రాలేదు. పన్ను పని చేసిందనడానికి గుర్తు కూడా అదే. ఇప్పుడు ఆ హద్దును 2028 జనవరి నుంచి 4.5 గ్రాములకు తగ్గించి, పాలతో చేసిన తీపి పానీయాలనూ అందులో చేర్చాలని అక్కడి ప్రభుత్వం నిర్ణయించింది.

మన దేశంలో గాలి నింపిన కూల్‌డ్రింకుల మీద 2017 నుంచి 28 శాతం జీఎస్టీ, 12 శాతం పరిహార సెస్సు కలిపి 40 శాతం పన్ను ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి అది నేరుగా 40 శాతం శ్లాబుగా మారింది. అంకె చూస్తే బ్రిటన్ కన్నా కఠినం. కానీ ఈ పన్ను ధర మీద వేసేది, చక్కెర మీద వేసేది కాదు. 100 మిల్లీలీటర్లకు పదిన్నర గ్రాముల చక్కెర ఉన్న కోలాకూ, అసలు చక్కెరే లేని కోలాకూ ఒకే రేటు. అందుకే చక్కెర తగ్గించమని కంపెనీకి ఈ పన్ను ఏమీ చెప్పడం లేదు. అదే రోజు నుంచి, గాలి నింపని పండ్ల రసాల పానీయాల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. మామిడి రసం పేరుతో అమ్మే సీసాలో ఉండే చక్కెర కోలాలో ఉన్నదానికి తీసిపోదు. బిస్కెట్లు, చాక్లెట్లు, ఐస్‌క్రీం 18 నుంచి 5కు, నూడుల్స్, ప్యాకెట్ మిక్చర్, భుజియా 12 నుంచి 5కు తగ్గాయి. మధ్యతరగతి ఖర్చు తగ్గించాలన్న ఉద్దేశాన్ని తప్పుపట్టనక్కర్లేదు. రోజు కూలి చేసుకునేవారికి ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్ ఒక పూట ఆకలిని ఆపుతుందన్నది వాస్తవం. కానీ ఆరోగ్యం అనే కొలత ఈ నిర్ణయంలో ఎక్కడా కనిపించదు. ఈ రేట్లు నిర్ణయించే జీఎస్టీ కౌన్సిల్ ఓట్లలో మూడింట రెండు వంతుల విలువ రాష్ట్రాలది కనుక, అక్కడ కూర్చునే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మంత్రులకూ ఇందులో భాగం ఉంది.

జీఎస్టీకి ముందు ఒక రాష్ట్రం సొంతంగా ప్రయత్నించింది. 2016లో కేరళ ఆర్థిక మంత్రి థామస్ ఐజాక్ బ్రాండెడ్ రెస్టారెంట్లలో అమ్మే బర్గర్లు, పిజ్జాలు, డోనట్ల వంటి వాటి మీద 14.5 శాతం 'కొవ్వు పన్ను' వేశారు. వీధి చివర నూనెలో వేగే పరోటానూ బజ్జీనీ వదిలేసి విదేశీ పేరున్న తిండిని మాత్రమే పట్టుకోవడం దాని బలహీనత. ఏడాదిలోనే జీఎస్టీ వచ్చి దాన్ని మింగేసింది. డెన్మార్క్ 2011 అక్టోబరులో సంతృప్త కొవ్వు మీద నేరుగా పన్ను వేసి, జనం సరిహద్దు దాటి జర్మనీలో వెన్న కొనుక్కోవడం మొదలుపెట్టడంతో 2013 జనవరికల్లా రద్దు చేసుకుంది.

నూనె సంగతి విడిగా చెప్పుకోవాలి. 2025 ఫిబ్రవరిలో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ రేడియో ప్రసంగంలో ఊబకాయం గురించి మాట్లాడి, ప్రతి ఇంట్లో నూనె వాడకం పది శాతం తగ్గించాలని పిలుపునిచ్చారు. ప్రధాని స్థాయిలో ఈ సమస్యకు పేరు పెట్టి మాట్లాడటం మేలైన విషయం. మూడు నెలల తర్వాత, మే నెలాఖరులో, ముడి పామాయిల్, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని 20 శాతం నుంచి 10 శాతానికి తగ్గించారు. ధరల పెరుగుదల, దేశీయ రిఫైనరీల ఇబ్బందులు ఆ నిర్ణయానికి కారణాలు, అవి తేలికగా కొట్టిపారేసేవి కావు. దేశం తన వంట నూనెలో సగానికి పైగా దిగుమతి చేసుకుంటోంది. ఆ లోటు తీర్చడానికే 2021 నుంచి ఆయిల్‌పామ్ మిషన్ నడుస్తోంది, అందులో గోదావరి జిల్లాల, ఖమ్మం ప్రాంత రైతులది పెద్ద వాటా. అంటే వ్యవసాయ శాఖ పామాయిల్ పెంచాలంటుంది, ఆర్థిక శాఖ చవక చేయాలంటుంది, ఆరోగ్య శాఖ తగ్గించి వాడమంటుంది. ఈ మూడు మాటలనూ ఒకచోట పెట్టి చూసే వేదిక పార్లమెంటులో లేదు. కొత్త బిల్లు వచ్చినప్పుడు దాని ఖర్చెంతో చెప్పే ఆర్థిక పత్రం జతచేయడం ఇప్పటికే ఆనవాయితీ. ఆహార పంటల, సుంకాల నిర్ణయాలకు ఆరోగ్య ప్రభావం ఏమిటో చెప్పే పత్రం కూడా అడగడం అసాధ్యమైన కోరిక కాదు.

పిల్లల విషయంలో 2020 నాటి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధనలు బడి ఆవరణలోనూ, దాని చుట్టూ 50 మీటర్ల పరిధిలోనూ కొవ్వు, చక్కెర, సోడియం అధికంగా ఉన్న ఆహారం అమ్మరాదని చెబుతున్నాయి. దూరాన్ని మీటర్లలో కొలిచి రాసిన ఆ నిబంధన, 'అధికం' అంటే ఎన్ని గ్రాములో మాత్రం రాయలేదు. 'అధిక మోతాదులో ఉన్న ఆహారం' అన్న నిర్వచనంతో సరిపెట్టింది. బడి గేటు పక్కన చిన్న కొట్టు నడిపే వ్యక్తికి ఏ ప్యాకెట్ తీసేయాలో తెలియదు, తనిఖీకి వచ్చిన ఆహార భద్రతా అధికారికీ ఏ ప్యాకెట్ మీద కేసు రాయాలో తెలియదు. 2022లో వచ్చిన తప్పుదోవ పట్టించే ప్రకటనల మార్గదర్శకాలు కూడా ఇలాగే ఉన్నాయి. పిల్లల కార్యక్రమాల మధ్య, పిల్లల చానళ్లలో జంక్ ఫుడ్ ప్రకటనలు వద్దన్నాయి. మన ఇళ్లలో పిల్లలు పెద్దలతో కలిసి చూసేది క్రికెట్ మ్యాచ్‌లు, సాయంత్రం సీరియళ్లు. చిలీ ఈ లొసుగును గుర్తించి 2018లో ఉదయం 6 నుంచి రాత్రి 10 దాకా టీవీలో ఆ ప్రకటనలనే ఆపేసింది. బ్రిటన్ చాలా వాయిదాల తర్వాత 2026 జనవరి నుంచి రాత్రి 9 లోపు ప్రకటనలను నిషేధించింది.

ఇంత కచ్చితమైన నిషేధం మన పార్లమెంటుకు కొత్తేమీ కాదు. శిశువుల పాలపొడి చట్టం 1992లో వచ్చింది, 2003లో సవరణతో మరింత బిగిసింది. రెండేళ్లలోపు పిల్లల ఆహారానికి, పాలపొడికి, పాల సీసాలకు ప్రకటనలు ఇవ్వడాన్ని ఆ చట్టం పూర్తిగా నిషేధించింది. డబ్బా మీద పసిబిడ్డ బొమ్మ ఉండకూడదని కూడా అందులో రాశారు. బహుళజాతి కంపెనీల అభ్యంతరాలున్నా పార్లమెంటు వెనక్కి తగ్గలేదు. రెండేళ్లు నిండిన మర్నాటి నుంచి ఆ బిడ్డకు ఈ రక్షణ ఎందుకు వర్తించదన్న ప్రశ్న సభలో ఎవరైనా అడగాల్సింది.

రాష్ట్రాల చేతుల్లో ఏమీ లేదనుకోవడం కూడా సరికాదు. ప్రజారోగ్యం రాజ్యాంగం ప్రకారం రాష్ట్ర జాబితాలో ఉంది. 2006 చట్టంలోని 30వ సెక్షన్ రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్‌కు, ప్రజారోగ్యం దృష్ట్యా ఏ ఆహారాన్నైనా ఏడాది వరకు నిషేధించే అధికారం ఇచ్చింది. 2024 అక్టోబరులో హైదరాబాద్‌లో మోమోలు తిని ఒక మహిళ మరణించిన తర్వాత, పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం రోజుల వ్యవధిలోనే ఏడాదిపాటు నిషేధించింది. గుట్కా నిషేధాన్నీ ఇదే సెక్షన్ కింద ఏటా పొడిగిస్తూ వస్తోంది. ఊబకాయానికి సంబంధించి ఏ ఒక్క పదార్థాన్నీ ఇలా నిషేధించమని అడగడం అర్థం లేని పని. కానీ బడి చుట్టూ 50 మీటర్లలో ఏ హద్దు వర్తిస్తుందో, ఆ హద్దును ఎవరు ఎన్నాళ్లకోసారి తనిఖీ చేస్తారో, వసతి గృహాల్లో వారానికి ఎంత నూనె, ఎంత చక్కెర వాడతారో నిర్ణయించి ఉత్తర్వులివ్వడానికి రాష్ట్ర ప్రభుత్వాలు ఢిల్లీ ముసాయిదా కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఆ హద్దులు లెక్కగట్టగల శాస్త్రవేత్తలు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలోనే ఉన్నారు.